మోడరేటర్ మాట్లాడితేనే లోకక్షేమం

చర్చావేదిక మీద ఎవరినీ మాట్లాడనివ్వకూడదు. మోడరేటర్ని తప్ప!

ఈ మాట అనగానే మీలో కొందరు ముఖం చిట్లించారని నాకు తెలుసు. మీరెప్పుడో ఏదో సభలో ప్యానెల్ సభ్యులుగా కూర్చుని, మీ వంతు వచ్చేసరికి టైము అయిపోయి, మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ తిప్పుతూ ఇంటికొచ్చినవాళ్లై ఉంటారు. మీ బాధ నాకు అర్థమైంది. కానీ నిదానంగా ఆలోచించండి. మీరు మాట్లాడి ఉంటే ఏమయ్యేది? మీ పక్కాయన కాదనేవాడు. ఆయన పక్కావిడ ఇద్దరినీ కాదనేది. ముగ్గురికీ మూడు అభిప్రాయాలు! పాపం, జనం ఏది పట్టుకుని ఇంటికెళ్లాలి? అదే మోడరేటర్ ఒక్కడే మాట్లాడాడనుకోండి, అభిప్రాయం ఒక్కటే. మోసుకెళ్లడం తేలిక.

పదకొండేళ్లుగా నేను మోడరేటర్‌గా ఉన్నాను. నీటి పొదుపు నుంచి పళ్ల సంరక్షణ దాకా నేను నడపని చర్చ లేదు. ఇంతవరకు ఒక్క ప్యానెల్ సభ్యుడు కూడా వేదిక మీద నా గురించి ఫిర్యాదు చేయలేదు. చేయాలంటే మైకు చేతికి రావాలి కదా!

పోయిన నెలలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమ్మేళనానికి నన్ను పిలిచారు. రెండు రోజులు. పెద్ద హోటల్లో కింది అంతస్తు మొత్తం వాళ్లదే. నాకు సైన్స్ ఫిక్షన్ గురించి ఒక్క ముక్క తెలియదు. విషయం తెలిస్తే ఏదో ఒక పక్షం వైపు మొగ్గుతాం. తెలియకపోతే ఆ బెడద ఉండదు. నా అంత నిష్పక్షపాతి వాళ్లకి ఇంకెక్కడ దొరుకుతాడు?

అక్కడ నేను చూసిన వింతలు చెప్పాలంటే ఈ పేజీ చాలదు. కాలయంత్రాల మీద సెషన్ నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. రోబో ప్రదర్శనలో రోబో నడుచుకుంటూ వచ్చి, తివాచీ అంచు దగ్గర ఆగిపోయింది. మనుషులకి సేవ చేయడానికి పుట్టిన ఆ యంత్రాన్ని ఇద్దరు మనుషులు చంకల్లో చేతులేసి అవతలికి దాటించారు. ఒక గదిలో లేని గ్రహపు భాష నేర్పుతున్నారు. అందులో భూతకాలాలే పద్నాలుగట! వేషాల పోటీకి వచ్చిన ఆరు చేతుల జీవి తలుపు దగ్గర ఇరుక్కుంది. వెనక వరసలో నిలబడ్డ మూడు కళ్లావిడ, ‘నా కళ్లజోడు ఎవరైనా చూశారా?’ అని అందరినీ అడుగుతోంది.

ఇంత గందరగోళంలో క్రమశిక్షణ తేవాలంటే ఒక్క గొంతు ఉండాలి. ఆ గొంతు నాదే ఎందుకు కాకూడదు?

నాకు అప్పగించిన చర్చ పేరు ‘దూరపు గ్రహాల నుంచి ఎవరైనా పిలిస్తే వినేదెలా?’. గంటసేపు. ప్యానెల్‌లో నలుగురు. ఒక ఫిజిక్స్ లెక్చరర్, ఒక కామిక్స్ ఆర్టిస్ట్, సినిమాల్లో గ్రహాంతరవాసులకి గొంతిచ్చే ఒక డబ్బింగ్ కళాకారిణి. నాలుగో ఆవిడ మా అక్క.

మా అక్క గురించి రెండు మాటలు చెప్పాలి. నాకంటే ఆరేళ్లు పెద్దది. చెవి మిషన్లు బాగుచేసే చిన్న కొట్టు నడుపుతుంది. మేడ మీద ఒకే గది. ఒక బల్ల, ఒక భూతద్దం, సన్నటి స్క్రూడ్రైవర్లు నిలబెట్టిన గాజు గ్లాసు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ. చేతిలో పనిలేనప్పుడల్లా సైన్స్ ఫిక్షన్ చదువుతుంది. చదివి చదివి, తనే ఒక కథ రాసింది. ఎవరికీ చూపించలేదు. సమ్మేళనం జరిపేది ఒక లైబ్రేరియన్. ఆవిడకి చెవి మిషన్ ఉంది. బ్యాటరీ కోసం కొట్టుకొచ్చినప్పుడు బల్ల మీద ఆ కాగితాలు చూసి, చదివి, ‘మా సభలో ఈ కథ చెప్పండి, పది నిమిషాలు చాలు’ అని వెంటపడి ఒప్పించింది.

అక్క పదిహేను రోజులు ప్రాక్టీసు చేసింది. ఎవరి ముందో తెలుసా? రిపేరుకి మిషన్ తీసి ఇచ్చేసి, బెంచీ మీద కూర్చున్నవాళ్ల ముందు! వాళ్లకి వినపడదు కాబట్టి తనకి సిగ్గేయదట.

ఇక చర్చ. నేను ప్రారంభోపన్యాసం క్లుప్తంగా ముగించాను. ముప్ఫై నాలుగు నిమిషాలు. చెవి అనే అవయవం చేపల్లో ఎలా మొదలైందో అక్కడి నుంచి ఎత్తుకున్నాను. పునాది లేకుండా గోడ కడతామా? తర్వాత వక్తల పరిచయం. ఒక్కొక్కరు ఎవరో చెప్పి ఊరుకుంటే అది పరిచయం ఎలా అవుతుంది? వాళ్లు ఏం చెప్పబోతున్నారో కూడా నేనే ఊహించి చెప్పాను. వాళ్ల శ్రమ తగ్గించాలని! లెక్చరర్ రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆవలింతే అనుకున్నాను.

అంతలో ముందు వరుసలో ఒకాయన లేచి, “ప్రశ్న కాదండీ, చిన్న అభిప్రాయం,” అని ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు. ఎంత మర్యాద లేని మనిషి! సభలో ఇతరుల సమయం గురించి ఆలోచన ఉండదా మనుషులకి?

చివరికి అక్క చేతికి మైకు వచ్చింది. తన పెద్ద పెద్ద అక్షరాల కాగితం మడత విప్పింది. గొంతు సవరించుకుంది.

“నేను చెవి మిషన్లు బాగుచేస్తానండి. ఈ కథలో కూడా అలాంటి ఒకావిడే ఉంటుంది. ఒకరోజు ఆవిడ దగ్గరకి ఒక ముసలాయన మిషన్ తెస్తాడు. ‘ఇందులో ఎవరో మాట్లాడుతున్నారమ్మా, మా ఇంట్లో ఎవరూ లేరు’ అంటాడు. ఆవిడ విప్పి చూస్తుంది. మిషన్ బాగానే ఉంటుంది. తన చెవిలో పెట్టుకుని చూస్తే—”

ఇక్కడ ప్రేక్షకులకి అర్థం కాలేదేమోనని నాకు అనుమానం వచ్చింది. వెంటనే మైకు అందుకున్నాను. “అంటే మీ ఉద్దేశం, యంత్రాలు ఎంత పెరిగినా మనిషి ఒంటరివాడే అని. చాలా మంచి మాట!” అన్నాను. అక్కడి నుంచి ఒంటరితనం గురించి రెండు ముక్కలు చెప్పేసరికి వెనక నిలబడ్డ వాలంటీరు ‘టైమ్ అయిపోయింది’ అన్న అట్ట పైకెత్తింది.

అక్క కాగితాన్ని ఉన్న మడతల్లోనే మళ్లీ మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఆవిడ ముఖంలో కోపం లేదు. నా మీద ఎవరికైనా కోపం ఎందుకుంటుంది? మొత్తం భారం నేనే మోశాను కదా!

అరగంట తర్వాత అదే హాల్లో నా రెండో చర్చ. వెళ్లి చూస్తే ముగ్గురున్నారు. ఒకాయన నిద్రపోతున్నాడు. ఒకమ్మాయి గోడ దగ్గర కూర్చుని ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంది. మూడో మనిషి మైకు ఆపరేటర్. ప్యానెల్ సభ్యులు కూడా రాలేదు.

“మిగతావాళ్లేరయ్యా?” అన్నాను.

“మెట్ల దగ్గర ఉన్నారు సార్. నేను కూడా వెళ్లొచ్చా?” అన్నాడు మైకు ఆపరేటర్. జవాబు చెప్పేలోపే వెళ్లిపోయాడు. మోడరేటర్ మాట పూర్తికాకుండా వెళ్లిపోవడం ఏం మర్యాద?

అయినా నేను నా ప్రారంభోపన్యాసం ఇచ్చాను. నిద్రపోతున్నాయన ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. ఆదర్శ శ్రోత!

తర్వాత నాకు తెలిసింది ఇది. గ్రహాంతర సేనాపతి వేషం వేసుకున్న ఒక పెద్దాయన మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడట. హెల్మెట్ పెట్టుకున్నప్పుడల్లా చెవిలో ఈల మోగుతోందట. ఆయనకి చెవి మిషన్ ఉంది. హెల్మెట్ లోపల నిగనిగలాడే గట్టి ప్లాస్టిక్. మిషన్లోంచి బయటికి కారిన శబ్దం దానికి తగిలి, మళ్లీ మిషన్లోకే పోయి కీచుమంటోంది. అక్క అటుగా వెళుతూ చూసింది. పక్కన కూర్చుని, తన చేతిరుమాలు రెండుగా చింపి, చెవుల దగ్గర హెల్మెట్‌కి లోపలి వైపు మెత్తగా అతికించింది. ఈల ఆగిపోయింది.

సేనాపతి మళ్లీ హెల్మెట్ తీసి అడిగాడట. “అమ్మా, ఇందాక వేదిక మీద మీరేదో చెప్పబోయారు. తన చెవిలో పెట్టుకుంటే ఏమైంది?”

అక్క చెప్పింది. ఒక్కడికే చెప్పింది. మొదట లైబ్రేరియన్ వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. తర్వాత మూడు కళ్లావిడ. ఆరు చేతుల జీవి నేల మీద చతికిలపడితే, కూర్చోవడానికి చోటు లేనివాళ్లు వాళ్ల సంచులు దాని చేతులకి తగిలించారు. డబ్బింగ్ కళాకారిణి, లెక్చరర్, పద్నాలుగు భూతకాలాల క్లాసు మొత్తం వచ్చారు. టీ పోసే మనిషి కెటిల్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. మైకు లేదు. అయినా అందరికీ వినిపించిందట. ఎవరూ మాట్లాడకపోతే వినిపిస్తుంది మరి, అందులో వింతేముంది!

నేను ఉపన్యాసం ముగించి వెళ్లేసరికి ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. కదలడం కూడా లేదు. ‘సభ విఫలమైంది’ అనుకున్నాను. దగ్గరకెళితే సేనాపతి హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

“ఏమైంది?” అన్నాను లెక్చరర్‌తో.

“అయిపోయిందండీ.”

“అదే, చివరికి ఏమైంది?”

“నేను చెబితే బాగోదు,” అన్నాడు. “ఆవిడ చెబుతుంటే వినాలి.”

సాయంత్రం బస్సులో అక్కా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. అక్క కిటికీలోంచి చూస్తోంది. నాకేమో మనసు ఆగడం లేదు.

“అక్కా, ఆ మిషన్లో మాట్లాడింది ఎవరు?”

“నువ్వేమనుకుంటున్నావు?” అంది అక్క.

ఇంతకంటే మంచి ప్రశ్న నన్నెవరూ ఇంతవరకు అడగలేదు. నేను ఒకటి కాదు, నాలుగు ముగింపులు చెప్పాను. ఒకదాంట్లో అంతరిక్షనౌక పేలిపోతుంది. ఇంకోదాంట్లో ముసలాయనే గ్రహాంతరవాసి. పదకొండు స్టాపుల పాటు చెప్పాను. మా స్టాపు వచ్చింది. అక్క లేచి, చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

“వీటిలో ఒక్కటి కూడా కాదురా,” అని దిగిపోయింది.

మర్నాడు కొట్టుకెళ్లాను. బెంచీ మీద కూర్చున్నాను. అక్క నా వైపు ఒక నిమిషం చూసి, పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చి నా తలకి తగిలించింది. “శబ్దం వినపడగానే చెయ్యెత్తు,” అంది. ఎంత సన్నటి శబ్దానికైనా చెయ్యెత్తాను. అక్క కాగితం మీద గీతలు గీసి, చూసి, తల ఊపింది.

“చెవులు రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి.”

“చూశావా!” అన్నాను గర్వంగా.

“అదేరా నా భయం. లోపముంటే బాగుచేసేదాన్ని,” అంది. నవ్వుతూనే అంది. కానీ వెంటనే ఇంకో మిషన్‌ని భూతద్దం కిందికి జరుపుకుని పనిలో పడింది.

నాకు అప్పుడొక లెక్క గుర్తొచ్చింది. ఈ కొట్టు పెట్టి ఇరవై ఏళ్లైంది. నేను వారానికోసారైనా వచ్చి ఈ బెంచీ మీద కూర్చుంటాను. అక్క కథ రాసిన సంగతి బ్యాటరీ కోసం వచ్చిన ఒకావిడకి ముందు తెలిసింది. నాకు ప్యానెల్ జాబితాలో పేరు చూశాక తెలిసింది. ఇరవై ఏళ్లు నేను ఈ బెంచీ మీద ఏం చేశాను? మోడరేటర్‌గా ఉన్నాను.

వచ్చే ఏడు సమ్మేళనానికి అక్కే ముఖ్య అతిథి. లైబ్రేరియన్ స్వయంగా వచ్చి పిలిచింది. అక్క ఒక్క షరతు మీద ఒప్పుకుందట. “మా తమ్ముడు మొదటి వరుసలో కూర్చోవాలి.” విని నా కళ్లు చెమర్చాయి. ఎంత అభిమానం! ఉండబట్టలేక లైబ్రేరియన్నే అడిగాను, వేదిక మీద అయితే ఇంకా దగ్గరగా ఉంటాను కదా అని. “ఆ మాట నేనూ అన్నానండీ,” అందావిడ. “మొదటి వరుసలో మైకు ఉండదు కదా, అక్కడే మంచిది అన్నారు మీ అక్కగారు.”

సరే, కూర్చుంటాను. కానీ ఇంకా పదకొండు నెలలుంది. సేనాపతికి తెలుసు, మూడు కళ్లావిడకి తెలుసు, కెటిల్ పట్టుకున్న మనిషికి కూడా తెలుసు. మా అక్క కథ చివర ఏమైందో తెలియనివాడిని ఆ హోటల్ మొత్తంలో నేనొక్కడినే. నిద్రపోయినాయన్ని, ఫోన్ ఛార్జింగ్ అమ్మాయిని లెక్కేస్తే ముగ్గురం.

కాబట్టి పాఠకులారా, మీలో ఎవరైనా ఆ రోజు మెట్ల దగ్గర ఉండి ఉంటే, దయచేసి నాకొక ఉత్తరం రాయండి. ఎంత పొడుగైనా ఫరవాలేదు. ఉత్తరాన్ని మధ్యలో ఆపి, ‘అంటే మీ ఉద్దేశం’ అనడం నా వల్ల కూడా కాదు.