మూడు సున్నాల్లో తక్కువ సున్నా

ఉచితంగా దొరికే వస్తువును నిబంధనల ప్రకారం కొనడం ఈ దేశంలో అన్నిటికన్నా ఖరీదైన వ్యవహారం. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక తెలుగు సంఘానిది.

ఆ సంఘం గదిలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పే సౌభాగ్యకు ఎవరో పాత కంప్యూటర్ ఇచ్చారు. అందులో ఆపరేటింగ్ సిస్టం లేదు. మీట నొక్కితే లైటు వెలుగుతుంది తప్ప తెర మీదకు ఏమీ రాదు. పుస్తకం చూస్తే మొహం తిప్పుకునే పిల్లలు బొమ్మలతో అక్షరాలు కదిలితే కూర్చుంటారని ఆమె ఆశ. లేదంటే వేసవి సెలవుల్లో కోడింగ్ క్లాసుకు పంపేస్తామని తల్లులు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఏళ్ల తరబడి నిలబెట్టుకొచ్చిన తెలుగు క్లాసంటే సౌభాగ్యకు ప్రాణం.

సీపత్ కరెంటు ప్లాంటులో పనిచేసే నాగేంద్ర పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం తెచ్చి, గంటలో ఎక్కించేస్తానని, పైసా అక్కర్లేదని అన్నాడు. పని అక్కడే చెడింది.

సంఘం అధ్యక్షులు సత్యనారాయణ గారు లెక్కల విభాగంలో రిటైరయ్యారు (ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆయన ఆఫీసును వదల్లేదు). ధర లేనిదానికి బిల్లుండదు, బిల్లు లేనిది రిజిస్టరుకెక్కదు, రిజిస్టరుకెక్కనిది గదిలో ఉంటే దొంగసొత్తు కింద లెక్క అని ఆయన తేల్చారు. కాబట్టి మూడు కొటేషన్లు తప్పనిసరి.

సౌభాగ్య నాగేంద్రను బతిమాలి మూడు రకాల లినక్స్‌కు మూడు కొటేషన్లు రాయించింది. మూడింట్లోనూ ధర సున్నా. ఏ సున్నా తక్కువో తేల్చడానికి ఉపసంఘం వేశారు (దాని సమోసాల ఖర్చు మాత్రం సున్నా కాదు). మూడు ధరలూ ఒక్కటే కావడంతో సరఫరాదారులు కుమ్మక్కయ్యారని ఉపసంఘం అనుమానించి టెండరు రద్దు చేసింది.

"ఊరికే ఇత్తానంటే తీసుకోడానికి అడ్డమేటి బాబూ?" అని అడిగింది సౌభాగ్య.

"అచ్ఛా, రేపు ఆడిట్‌లో జవాబు నువ్వు చెప్తావేటమ్మా?" అన్నారాయన. (సంఘానికి ఆడిటరంటూ ఎవరూ లేరు. ఉంటే బాగుండునని ఆయన చిరకాల కోరిక.)

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ గది తాళంచెవి ఆయన జేబులో ఉంది.

ఈలోగా ఊళ్లోనే సర్కండా పేటలో ఒక దుకాణదారు ఖరీదైన సిస్టం దొంగ కాపీ ఎక్కించి, ముద్ర వేసిన బిల్లు ఇస్తానన్నాడు. సరుకు దొంగదైనా బిల్లు అసలైనది గనక కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ ఆమోదం వచ్చేసరికి సెలవులు అయిపోయాయి, పిల్లలు కోడింగ్ క్లాసులో కుదురుకున్నారు.

కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆన్ చేశారు. దాని మీద తయారైన మొదటి కాగితం, విద్యార్థులు లేని కారణంగా ఆదివారం తెలుగు తరగతిని మూసివేస్తున్నట్టు నోటీసు. టైపు చేసే పని సౌభాగ్యకే అప్పగించారు. అందరూ చదవగలగాలి కాబట్టి హిందీలో చేయమన్నారు.