సాంచాలు బందైన పూట

ఆ పొద్దున స్వరూప వేసుకున్న ప్లాను చిన్నదే. పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఎలుకలో ఒక జీను ఎలా ఉంటుందో, ఏ అవయవంలో పనిచేస్తుందో, ఏ క్రోమోజోము మీద కూర్చుందో హైదరాబాదులోని పరీక్షకుడికి చెప్పి డాక్టరేట్ తెచ్చుకోవాలి. ఏళ్ల చాకిరీ ఆ ఒక్క పూటలో తేలాలి. అడ్డమల్లా సాంచాలు. సిరిసిల్లలో వాళ్ల గల్లీ నిండా ఆ మరమగ్గాలే. ఆ మోతలో పక్కమనిషి మాటే వినబడదు, ఇక హైదరాబాదుకేం వినబడుతుంది?

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు తండ్రి బుచ్చిరాములు. ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, గల్లీ మొత్తం సాంచాలు బంద్ చేయించాడు. తాను పోయి గల్లీ మొదట్లో ఆటోల హారన్లు ఆపుతూ నిలబడ్డాడు. మహానుభావుడు ఒక్కటి మరిచాడు. పనిరోజున సాంచాలన్నీ ఆగాయంటే అక్కడ ఎవరో పోయినట్టే లెక్క.

వెనక గల్లీ అనసూర్య చెవి ఒగ్గింది. చప్పుడు లేదు. పోయే వయసున్నది బుచ్చిరాములు తల్లి బాలలక్ష్మి ఒక్కతే. "అయ్యో, ముసల్ది పోయినట్టుంది!" అంటూ నలుగురిని వెంటేసుకుని వెనక సందులోంచి బయల్దేరింది. ఆ నలుగురిని చూసి నలభై మంది కదిలారు. పూలదండలొచ్చాయి, డప్పులొచ్చాయి.

లోపల పరీక్షకుడు మొదటి ప్రశ్న అడిగాడో లేదో, వాకిట్లో శోకాలు మొదలయ్యాయి. "ఓ అత్తా, మమ్ముల ఇడిసి పోయినవా!" పెరట్లో కునుకు తీస్తున్న బాలలక్ష్మి ఉలిక్కిపడి లేచింది. పోయిందెవరని అడిగితే బాగుండదని, కొంగు కప్పుకుని వెనక వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఏడ్చింది.

తెర మీద పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. "ఇంట్లో ఇంత దుఃఖం పెట్టుకుని వచ్చావా తల్లీ! ఇక ప్రశ్నలొద్దు. పాస్."

అప్పుడే బాలలక్ష్మి తలుపు నెట్టుకుని లోపలికొచ్చింది. "గింతమంది ఏడుస్తుండ్రు, సచ్చింది ఎవలే పిల్లా?"

వెనకాలే వచ్చిన అనసూర్య కెవ్వుమంది. "నువ్వే గదా అత్తా!"

"నేనా? నాకెవలు చెప్పలే!"

పెద్దాయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఇచ్చిన పాస్ గాలికి పోయింది. "అయితే చెప్పమ్మా. ప్రోటీన్లను కొరికే ఎంజైమును ఆపడమే కదా నీ జీను పని. అది లేకపోతే ఏమవుతుంది?"

బయట డప్పులు అందుకున్నాయి. తెచ్చిన దండ వృథా ఎందుకని ఎవరో బాలలక్ష్మి మెడలోనే వేశారు. శోకాలు పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. స్వరూపకు తిక్క రేగింది. ల్యాప్‌టాప్ ఎత్తి వాకిలి వైపు తిప్పింది.

"ఆపేటోళ్లు లేకుంటే గిట్లైతది సార్!"

పెద్దాయన పెన్ను తీసి కాగితం మీద సంతకం పెట్టాడు. "ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు. కంగ్రాచులేషన్స్, డాక్టర్ స్వరూప."

సంగతి తెలిసి బుచ్చిరాములు పరుగెత్తుకొచ్చి బిడ్డను పట్టుకుని ఏడ్చేశాడు. డప్పులవాళ్లు దరువు మార్చారు. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి.

దినాల భోజనం ఎప్పుడని వెనక గల్లీవాళ్లు మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.