చలువరాతి పీఠాల మీద నిశ్చితార్థం

ఆ ఆదివారం పొద్దున వెహ్బీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కైసేరి నుంచి వచ్చిన కాబోయే వియ్యాలవారికి ఎండ ముదరకముందే ఊరి చివర ఉన్న పాతనగరపు శిథిలాలు చూపించాలి. ఇంటికొచ్చి భోజనాలయ్యాక కూతురు బిల్గేకీ, పెళ్లికొడుకు ఓర్హున్‌కీ ఉంగరాలు తొడిగించాలి. అంతే.

"గైడుని పెట్టుకుందామండీ," అంది భార్య నెరిమాన్.

"నాకు గైడేమిటే! ఆ రాళ్ల పక్కన పెరిగినవాణ్ణి."

పక్కన పెరిగిన మాట నిజమే. ఆయన చెప్పుల కొట్టు ఆ శిథిలాలకు కూతవేటు దూరంలోనే ఉంది. గేటు దాటి లోపలికి మాత్రం ఏనాడూ వెళ్లలేదు. రాళ్లే కదా, ఎక్కడికి పోతాయి, రేపు చూద్దాం అనుకుంటూ ఉండగానే జుట్టు నెరిసిపోయింది. వియ్యంకుడు హల్దూన్ కాలేజీ ప్రిన్సిపాలుగా చేసి రిటైరైనవాడు. చెప్పుల కొట్టువాడని తనను ఎక్కడ చులకనగా చూస్తాడోనని, అక్కడి ప్రతి రాయీ తనకు తెలుసని వెహ్బీ ఫోన్లో ముందే కోతలు కోసేశాడు.

లోపలికి వెళ్లాక మొదట్లో బాగానే నెట్టుకొచ్చాడు. స్తంభం కనిపిస్తే గుడి అన్నాడు, మెట్లు కనిపిస్తే నాటకశాల అన్నాడు. ఒక మలుపు తిరగగానే మూడు గోడల పొడుగునా వరసగా చలువరాతి పీఠాలు, ఒక్కో పీఠానికీ నడుమ గుండ్రటి కంత.

"ఇదేమిటి బావగారూ?" అన్నాడు హల్దూన్.

వెహ్బీకి ముచ్చెమటలు పోశాయి. కోటు విప్పి పక్కనున్న బోర్డుకు తగిలించి, గొంతు సవరించుకున్నాడు. "నగర పెద్దల సభ. ఇక్కడ కూర్చునే తీర్పులు చెప్పేవారు."

"మరి ఆ కంతలెందుకు?" అంది వియ్యపురాలు మెలాహత్. ఆవిడ పొద్దున్నుంచీ నవ్వింది లేదు.

"గాలి కోసం వదినగారూ. సభలు గంటలకొద్దీ సాగేవి కదా."

"అవునవును, నేనూ చదివాను," అని హల్దూన్ గంభీరంగా తలాడించి, వెళ్లి నడిమి పీఠం మీద కూర్చున్నాడు. కూర్చోగానే ఆయనకు ఆవేశం వచ్చింది. "మెలాహత్, ఉంగరాలు నీ సంచీలోనే ఉన్నాయిగా? ఇంత పవిత్రమైన చోటు వదిలి ఇంట్లో ఎందుకు? ఇక్కడే కానిద్దాం!"

"వద్దు బావగారూ, ఇంట్లో వంటలు..." అని వెహ్బీ నసిగాడు గానీ ఎవరూ వినలేదు. పెద్దలందరూ తలో పీఠం మీదా కూర్చున్నారు. చూడవచ్చిన జనం మూగారు. పిల్లలిద్దరి వేళ్లకూ ఉంగరాలు తొడిగారు. ఆచారం ప్రకారం వాటిని కలిపి కట్టిన ఎర్ర రిబ్బను కోయడానికి ఎవరో ఆవిడ గోళ్ల కత్తెర ఇచ్చింది. "మహానుభావులు కూర్చున్న ఈ ఆసనాల మీద నుంచి దీవిస్తున్నాను," అంటూ హల్దూన్ రిబ్బను కోశాడు. చప్పట్లు మోగాయి.

ఫోటో తీస్తున్న కుర్రాడు చెయ్యి ఊపాడు. "అంకుల్, ఆ కోటు తీసేయండి, ఫోటోలో పడుతోంది."

వెహ్బీ కోటు తీశాడు. కింద బోర్డు మీద పెద్దపెద్ద అక్షరాలు: నగర ప్రజల మరుగుదొడ్డి. చదవడం రానివాళ్ల కోసం పక్కనే బొమ్మ కూడా వేశారు.

చప్పట్లు ఆగిపోయాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బిల్గే ఉంగరం తొడిగిన చేత్తోనే ముఖం కప్పుకుంది. కూతురు అలా ముఖం దాచుకోవడం చూశాక వెహ్బీకి ఆ కంతల్లో ఏదో ఒకదాంట్లోంచి జారిపోతే బాగుండుననిపించింది. చెవులు భగ్గుమన్నాయి. కోటు గుండెలకు అదుముకుని నిలబడ్డాడు.

"బావగారూ, క్షమించండి," అన్నాడు తలెత్తకుండా. "నేను ఈ గేటు దాటడం ఇదే మొదటిసారి. మీ ముందు తక్కువైపోతానని నోటికొచ్చింది చెప్పాను. నా కూతురికి ఇవేవీ తెలీదు. తప్పంతా నాది."

హల్దూన్ పీఠం మీద బిగుసుకుపోయాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఇక సంబంధం చెడినట్టేనని నెరిమాన్ కళ్లొత్తుకుంది.

అప్పుడు వినబడింది మెలాహత్ నవ్వు. భుజాలు అదిరేలా, ఊపిరాడనట్టు నవ్వింది ఆవిడ. "చదివానన్నారే!" అంది మొగుడితో. "ఏ పుస్తకంలో చదివారండీ?"

హల్దూన్ మెల్లగా లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఏ పుస్తకమూ లేదు," అన్నాడు గొణుగుతూ. "నేను లెక్కల మాస్టర్ని. చరిత్రంటే చచ్చేంత భయం. అన్నీ తెలిసిన మనిషి దగ్గరికి పోతున్నామని వారం నుంచి నాకు నిద్ర లేదు బావగారూ."

"పొద్దున్నుంచీ నోరు విప్పితే ఎక్కడ దొరికిపోతామోనని నేనూ మూతి బిగించుకుని కూర్చున్నా," అంది మెలాహత్, నెరిమాన్ చెయ్యి పట్టుకుంటూ. "ఇక హాయిగా మాట్లాడుకోవచ్చు వదినా."

వియ్యంకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక, చెరో స్తంభాన్నీ శ్రద్ధగా పరిశీలిస్తూ గేటు దాకా నడిచారు. భోజనాల దగ్గర పెళ్లి తేదీ ఖాయమైంది. మగపెళ్లివారు పెట్టిన షరతు ఒక్కటే: పెళ్లి మాత్రం ఈ మధ్య కట్టిన హాల్లోనే జరగాలి.