వేడెక్కిన పెట్టెకే ఆర్డర్

సూర్యుడి చేత హాజరు పట్టీలో సంతకం పెట్టించే పద్ధతి ఇంకా రాలేదు. అదొక్కటి తప్ప ఆయన మీద మనకు సర్వాధికారాలూ ఉన్నాయి. వాటిని చలాయించడానికే 2002లో పెనుకొండలో ‘సౌర పరికరాల యోగ్యతా నిర్ణయ సంఘం’ వెలసింది. (సభ్యులు ఐదుగురు, కుర్చీలు మూడు. కాబట్టి కోరం ముగ్గురే.)

పరిగి దగ్గర కరెంటు తీగ చేరని ఒక పల్లె ఆరోగ్య ఉపకేంద్రానికి సోలార్ పలకలు, బ్యాటరీలు, టీకామందులు దాచే చిన్న ఫ్రిజ్ మంజూరయ్యాయి. బ్యాటరీలు ఒక శాఖ కొన్నది, ఇరవై నాలుగు వోల్టులు. ఫ్రిజ్ ఇంకో శాఖ కొన్నది, పన్నెండు. ఆ రెండు శాఖలకూ మాటల్లేవు. అందుకని మధ్యలో వోల్టేజీ తగ్గించే కన్వర్టర్ పెట్టె కావలసి వచ్చింది. అప్పటిదాకా నర్సమ్మ మేరీ వారం వారం హిందూపురం నుంచి ఐసు పెట్టెలో టీకాలు పెట్టుకుని బస్సులో తెచ్చేది. ఆ ఏడు చుట్టుపక్కల పిల్లల్లో తట్టు తిరుగుతోంది. (ఇంత చిన్న విషయం అజెండాలో లేదు.)

పోటీకి రెండు పెట్టెలు వచ్చాయి. ఒకటి హిందూపురం రేడియో షాపు రామచంద్ర తయారు చేసినది. రెండోది ధర్మవరం నుంచి ఇద్దరు మోసుకొచ్చినది. నియమం ఏడు ప్రకారం రెండింటినీ రెండు గంటలు నడిపాక, సంఘాధ్యక్షుడు నరసింహులు వాటి మీద అరచేయి పెట్టి సామర్థ్యం తేల్చాలి. ఆయన ముందు రామచంద్ర పెట్టె మీద చేయి పెట్టి మొహం చిట్లించాడు.

“ఏమప్పా, ఇది పని చేస్తాండాదా?”

“చేస్తాండాది సార్.”

“యాడ చేస్తాండాది? ఇంత సల్లగా ఉండాది! పొద్దున్నుంచి కలుపు తీసినోళ్ల ఒళ్లు సల్లగా ఉంటాదా?”

“వేడంతా నష్టమే సార్. ఆ ధర్మవరం పెట్టె సగం కరెంటు అదే తినేస్తాండాది.”

“తినకుండా పని ఎవురు చేస్తారబ్బా?”

ఏ పెట్టె వస్తుందో చూడ్డానికి వచ్చి వెనక కూర్చున్న మేరీ ఉండబట్టలేక లేచింది. “సార్, బ్యాటరీ తెల్లారేదాకా నిలవాల. నాకు ఆ సల్లగా ఉండేదే కావాల.”

“సల్లగా ఉండాల్సింది ఫ్రిజ్జమ్మా, కన్వర్టర్ కాదు,” అన్నాడు నరసింహులు. కోరం తలలూపింది.

ధర్మవరం పెట్టె మీద వేలు పెట్టిన సభ్యుడికి బొబ్బ లేచింది. దాన్నే నాణ్యతకు రుజువుగా నమోదు చేసి ఆర్డర్ ఇచ్చారు. రామచంద్ర పెట్టెను ‘పని ఎగ్గొట్టు స్వభావము’ అనే కారణంతో తిప్పి పంపారు.

ఫ్రిజ్ నడవడం మొదలైంది. నడవడం మొదలైంది కాబట్టి మేరీ ఐసు పెట్టెను ‘అదనపు చల్లదనము’ కింద వెనక్కి తీసుకున్నారు. రోజూ తెల్లారేలోపు బ్యాటరీ అయిపోయి ఫ్రిజ్ ఆగిపోయేది. చెడిన మందు పిల్లలకు వేయలేక మేరీ పారబోసి, పైకి రాసింది. జవాబులో రెండు అంశాలున్నాయి. ఒకటి, చేతి పరీక్షలో నెగ్గిన పరికరాన్ని శంకించినందుకు సంజాయిషీ నోటీసు. రెండు, కన్వర్టర్‌ను చల్లబరచడానికి ఒక ఫ్యాను. ఫ్యాను కూడా పన్నెండు వోల్టులదే కనుక ఆ కన్వర్టర్‌కే తగిలించారు. ఆ తర్వాత దీపాలు పెట్టే వేళకే ఫ్రిజ్ ఆగిపోసాగింది.

కూతుర్ని చంకనేసుకుని కూలి పనికి పోయే తిమ్మక్క వారం వారం వచ్చి అడిగేది.

“ఫ్రిజ్ లేనప్పుడు టీకా ఉండె. ఫ్రిజ్ వచ్చినాక టీకా లేదంటే ఎట్ల నర్సమ్మా?”

మేరీ ఖాళీ ఫ్రిజ్ తలుపు తీసి చూపించేది. రాస్తున్న నా దగ్గర చూపించడానికి కోపం తప్ప ఏమీ లేదు.

మరుసటి నెల పల్లెకు తట్టు వచ్చింది. మొదట తిమ్మక్క కూతురికి, తర్వాత ఇంకో పదిమందికి. సంఘం తక్షణమే కదిలి విచారణ జరిపింది. కన్వర్టర్ మునుపటికంటే శ్రమిస్తున్నదని తేలింది. మేరీని తలుపుల మండలానికి బదిలీ చేశారు. కారణం ఉత్తర్వులోనే స్పష్టంగా రాశారు: తట్టు సోకిన పదకొండు మంది పిల్లలూ ఆమె పరిధిలోని వారే.