లిల్లీ, జాక్, కార్డిఫ్ ఫైనల్

సోమవారం పొద్దున శాంతకుమారి పెట్టుకున్న పనల్లా పప్పు రుబ్బి, దుప్పట్లు ఉతికి, ఎండ వస్తే ఆరేయడం. వాళ్లు కాపురముంటున్న ఇంగ్లీషువాళ్ల ఊరు హేస్‌లో ఎండ రాలేదు. కూతురు శ్రీవల్లి మాత్రం టోస్ట్ నములుతూ పిడుగులాంటి కబురు చెప్పింది.

"మమ్, శనివారం కార్డిఫ్‌లో ఫైనల్. మా గేమింగ్ టీమ్ అంతా వెళ్తున్నాం. నేనే కెప్టెన్."

"టీమ్ అంటే ఎవరే? ఎప్పుడైనా మొహాలు చూశావా?"

"చానెల్‌లో డైలీ చాట్ చేస్తాం కదా. ఇట్స్ ఫైన్!"

ఇట్స్ ఫైన్ అన్న మాట వింటేనే శాంతకుమారికి గుండె దడ. పదో తరగతితో చదువు ఆగినా, ఫోన్లో వచ్చే భయంకరమైన వీడియోలు ఒక్కటీ వదలకుండా చూసిన మనిషి. "చూద్దాంలే" అంది. ఆ ఇంట్లో చూద్దాంలే అంటే, వద్దనడానికి కారణం వెతుకుతున్నారని అర్థం.

ఆ మధ్యాహ్నమే ఆమె లిల్లీ అని పేరు పెట్టుకుని, వయసు పదహారని చెప్పి ఆ గేమ్‌లో చేరింది. ఆటతో ఆమెకు పని లేదు. ఆటగాళ్లు కబుర్లాడుకునే చానెల్ చూడాలి. అందులోకి రావాలంటే దాన్ని నడిపే శ్రీవల్లి ఒప్పుకోవాలి. అడిగిన నిమిషంలోనే ఒప్పుకుంది.

"అయ్యో, ఎవర్ని పడితే వాళ్లని రానిచ్చేస్తోంది!" అని శాంతకుమారి తల పట్టుకుంది.

లోపల అప్పటికే జాక్ అని ఒకడున్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో వెంటనే పలకరించాడు. "లిల్లీ, మీది ఏ ఊరు? మీ నాన్నగారు ఏం చేస్తారు? పగలు మీ ఇంట్లో ఎవరుంటారు?"

శాంతకుమారి లేచి వీధి తలుపు గడియ వేసొచ్చింది. అంతకంటే రాని ఇంగ్లీషులో, "మా మావయ్య పోలీసు. ఎప్పుడూ మా ఇంట్లోనే ఉంటాడు" అని టైపు కొట్టింది.

దానికి జాక్, "మా బాబాయి జడ్జి" అన్నాడు.

భర్త బాబూరావుతో చెబితే బీపీ పెరుగుతుందని ఆమె నోరు కుట్టేసుకుంది. ఎయిర్‌పోర్టు సరుకుల గోడౌన్‌లో షిఫ్టులు చేసే ఆయన కూడా ఎందుకో ఆ వారమంతా ముభావంగా, ఫోన్ వదలకుండా తిరిగాడు.

గురువారం లిల్లీ ఎర వేసింది. "శనివారం నేనూ కార్డిఫ్ వస్తున్నా."

"నేనూ వస్తున్నా. శ్రీవల్లి పక్క నుంచి కదలను" అన్నాడు జాక్.

శాంతకుమారి గరిటె జారవిడిచింది. ప్రయాణం మాన్పిద్దామనుకుంది. మాన్పిస్తే వాడు నేరుగా ఇంటికే వస్తేనో? పట్టిస్తే తప్ప పీడ వదలదు. అందుకని శనివారం తెల్లారగానే కూతుర్ని పంపించింది. "ఎవరేమిచ్చినా తినకు, తాగకు. నవ్వితే తిరిగి నవ్వకు!"

"మమ్, సీరియస్‌లీ?" అంటూ ఆ పిల్ల కోచ్ బస్సెక్కేసింది.

బాబూరావు ఓవర్‌టైమ్ అంటూ బయల్దేరాడు. శాంతకుమారి వెంబ్లీలో గుడికని చెప్పి, కార్డిఫ్ రైలెక్కింది.

హాల్లోకి వెళ్తూనే ఆరడుగుల సెక్యూరిటీ ఆవిణ్ణి పట్టుకుని, పిల్లల చానెల్‌లో దుర్మార్గుడు దూరాడని మొరపెట్టుకుని, తన పక్కనే నిలబెట్టుకుంది. తర్వాత లిల్లీగా రాసింది. "కాఫీ స్టాల్ దగ్గరున్నా. ఎర్ర కోటు. ధైర్యముంటే రా."

"వస్తున్నా. నీలం టోపీ. కదిలావో జాగ్రత్త!"

వెనక నుంచి అరుపు వినబడింది. "అదిగో, ఆ ఎర్ర కోటే! పట్టుకోండి!"

ఆమె చేతిలోని గొడుగెత్తి గిర్రున తిరిగింది. ఎదురుగా ఇంకో సెక్యూరిటీ గార్డును వెంటబెట్టుకుని బాబూరావు.

"ఏవండీ! ఓవర్‌టైమన్నారు?"

"నువ్వు గుడికన్నావు?"

"అవన్నీ తర్వాత! ముందు ఆ జాక్‌గాణ్ణి పట్టుకోండి. నీలం టోపీ అట..." అని ఆమె ఆయన నెత్తి వైపు చూసి ఆగిపోయింది.

గార్డులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతలో మెడలో హెడ్‌సెట్‌తో శ్రీవల్లి పరుగెత్తుకొచ్చింది, కళ్లనిండా నీళ్లు.

"మా చానెల్ మీద రెండు కంప్లైంట్లట! ఫైనల్ ఆపేస్తామంటున్నారు. టూ ఇయర్స్ ప్రాక్టీస్ చేశాం మమ్! ప్లీజ్, టెల్ దెమ్ మీరెవరో!"

"మేమని నీకెలా తెలుసే?" అన్నాడు బాబూరావు.

"పదహారేళ్ల లిల్లీ రాగానే నన్ను కోటు వేసుకున్నావా అనడిగింది. జాక్ నెయ్యేసుకుని తినమన్నాడు. ఇంకెవరుంటారు డాడ్? ఆ చానెల్‌లో మనం ముగ్గురమే. మీకోసమే ఓపెన్ చేశా. టీమ్‌ది వేరే."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇంకో పేరుతో వస్తారు. తెలియనివాళ్లు టీమ్‌లో దూరితే నాకూ భయమే. ఇలాగైతే మీరెక్కడున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో నాకు తెలుస్తుంది కదా!"

శాంతకుమారి కూతుర్ని ఎగాదిగా చూసింది. అచ్చం తన పోలికే. గొడుగు దించి, గార్డుల వైపు తిరిగింది. "సారీ అమ్మా, సారీ బాబూ. ఈయన మావారే. దుర్మార్గుడు కాదు, మతిలేనివాడంతే."

"నువ్వేం తక్కువ?" అన్నాడు బాబూరావు టోపీ తీసేస్తూ.

ఫైనల్ జరిగింది. శ్రీవల్లి టీమ్ రెండో స్థానంలో నిలిచింది. ఆట ఏమీ అర్థం కాకపోయినా దంపతులిద్దరూ ప్రతి పేలుడికీ చప్పట్లు కొట్టారు, అవతలి టీమ్ గెలిచినప్పుడు కూడా.

సోమవారం శ్రీవల్లి ఆ చానెల్ మూసేయబోతే ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నావా అని లిల్లీ జాక్‌ని అడుగుతుంది. బాబూరావు కంటే జాక్ చాలా త్వరగా జవాబిస్తాడు.