ఇంజను కింద నిమ్మకాయ

ఆ శుక్రవారం ధర్మలింగానికి ఉన్న పని ఒక్కటే. బడా బజారుకు వెళ్ళి చిన్న వార్నీషు సీసా తెచ్చుకోవాలి, మేడ మీది గదిలో ఉన్న బుల్లి ఇంజనుకు ఒక పూత వేయాలి, అది ఆరాక రామచంద్రరావు గారికి చూపించాలి.

ఆ గదిలో రెండు బల్లలు కలిపి, గిరిసోల స్టేషనును బుల్లి నమూనాగా కట్టుకున్నాడు ధర్మలింగం. పట్టాలు, గూడ్సు పెట్టెలు, ప్లాట్‌ఫారం మీద బుల్లి ప్యాసింజర్లు, గట్టు పక్కన మొగలి పొదలు, అన్నీ ఉన్నాయి. తన బియ్యం కొట్టు మూసి వచ్చాక అతని బతుకంతా అక్కడే. రామచంద్రరావు ఆ లైను మీద డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి, పక్క వీధిలోనే ఉంటాడు. ఎప్పుడొచ్చినా చేతులు వెనక్కి కట్టుకుని అంతా చూసి, "బొమ్మ బాగుందోయ్" అని దిగిపోతాడు. ఆ 'బొమ్మ' ధర్మలింగానికి నిద్రలో కూడా గుచ్చుకునేది.

ఒక్కసారి ఆయన చేత 'ఇంజను' అనిపించుకోవాలని కలకత్తా నుంచి కొత్తది తెప్పించాడు. అది పెళ్ళికొడుకు చెప్పుల్లా నిగనిగలాడుతూ దిగింది. నిజం ఇంజనులా దాన్ని పాతది చేయడానికి నెల పట్టింది. దీపం మసి, తుప్పు మేకుల పొడి, పల్చటి రంగు, పాత బనియను గుడ్డ. ఇక పైపూత పడితే మసి కదలదు. అంతవరకు వేలు తగిలినా పోతుంది.

వార్నీషుతో తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఎవరెవరివో చెప్పులున్నాయి. మేడ మీద భార్య వాసవీకుమారి తడి చేతులు తుడుచుకుంటోంది. పట్టాల మీద ఇంజను తళతళలాడుతోంది.

"ఏటే ఇది?"

"ఏటేటండీ? కొత్త బండి కొన్నానని ఒక్క మాట సెప్పారా? ఆ కొట్టోడు సూడండి, మసి పట్టిన సరుకు అంటగట్టాడు. కుంకుడు రసం పోసి బ్రెష్షుతో తోమీసరికి నా రెక్కలు పడిపోయాయి."

"ఆ మసి నేనే పూశానే. నెల్లాళ్ళు."

"సాల్లెండి. డబ్బులు పెట్టి కొన్నదానికి ఎవులైనా మసి పూస్తారేటి?"

ధర్మలింగం కూర్చోవడానికి కుర్చీ కోసం చూశాడు. కుర్చీలో పంతులుగారు ఉన్నారు.

శుక్రవారం పూట కొత్త బండికి పూజ చేయించకపోతే ఎలాగని వాసవీకుమారి ఆయనకు ఫోను చేసింది. బండి అని మాత్రమే చెప్పింది. ఆయన కారుకు సరిపడా సరంజామాతో వచ్చి, బండి ఎక్కడని వీధిలో నలుగురినీ అడిగారు. దాంతో అందరూ మావుసీ అని పిలిచే ఎదురింటి ఒడియా ఆవిడ మిఠాయి కోసం మేడెక్కింది. ఆమె వెనక మరికొందరు ఎక్కారు.

"పంతులుగారూ, ఇది ఆ బండి కాదండి."

"చక్రాలున్నాయా లేవా? సంకల్పం చెప్పేశాను నాయనా. మధ్యలో ఆపితే ఇంటికి మంచిది కాదు."

ఇంజను ముక్కుకు పసుపు పూశారు. వచ్చిన ఆడవాళ్ళంతా తలో బొట్టు పెట్టారు. పంతులుగారు చక్రాల ముందు నిమ్మకాయ పెట్టారు. అది ఇంజనంత ఎత్తుంది.

"తొక్కించండి."

ధర్మలింగం నీరసంగా మీట తిప్పాడు. ఇంజను నిమ్మకాయను ఎక్కలేదు, నెట్టుకుపోయింది. నిమ్మకాయ దొర్లుతూ ప్లాట్‌ఫారం ఎక్కి ప్యాసింజర్లను వరసగా పడగొట్టింది.

"తొక్కలేదు, దోషం," అని పంతులుగారు కాయను రెండు చెక్కలు చేసి, ఒకటి చక్రం కింద పెట్టి బొటనవేలితో నొక్కారు. రసం కరెంటు పారే పట్టాల మీదికి కారింది. చిటపటమని నిప్పురవ్వలు, ఆపైన పొగ.

"ధూఆఁ బాహారిలా!" పొగొచ్చిందని మావుసీ చప్పట్లు కొట్టింది.

"వద్దండి బాబూ!" అని ధర్మలింగం అనేలోపే కొబ్బరికాయ బల్ల అంచున పగిలింది. నీళ్ళు ఇంజను నెత్తిన పడి, అక్కణ్ణించి గిరిసోల యార్డంతా పారాయి.

సరిగ్గా అప్పుడే రామచంద్రరావు వచ్చాడు. అందరూ దారి ఇచ్చారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. ఆగిపోయిన ఇంజను పక్కలమ్మట పసుపూ కుంకుమా చారలుగా కారుతున్నాయి.

"రావుగారూ, కడక్కముందు మసి బాగా కుదిరిందండి. మీకు సూపిద్దామనే..." ధర్మలింగం ఇంజను వైపు చెయ్యి చూపించాడు.

"మసి అన్నిటికీ ఉంటాదోయ్." ఆయన ఒక చారను వేలితో చూపించాడు, తాకలేదు. "షెడ్డులో ఇంజన్లకి విశ్వకర్మ పూజ సేసిన మర్నాడు వానలో బండెక్కితే సరీగ్గా ఇలాగుండీది. ముక్కు మీద బొట్లన్నీ కిందకి కారిపోయి. తుడవడానికి సేతులొచ్చీవి కావు. అలాగే కుర్దా స్టేషను దాకా ఎల్లిపోయీవోణ్ణి."

ఆయన నడుం ఎత్తి, ధర్మలింగం భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇన్నాళ్ళకి ఇంజను తెచ్చావు."

అందరూ దిగిపోయాక, చారలు ఆరేదాకా కాపలా కూర్చుని, ధర్మలింగం వాటి మీద వార్నీషు పూత వేశాడు. అంచులదాకా వేసి, మూత బిగించి, వెనక్కి తిరిగాడు.

గది మూల గూడ్సు పెట్టెలన్నీ గంగాళంలో కుంకుడు రసంలో నానుతున్నాయి.