ముప్పై రెండు జీబీల పాఠం

రాబోయే విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడిలో చదివే ప్రతి విద్యార్థి చేతిలో ఒక టాబ్లెట్ ఉంటుందనీ, అలాంటిది ఇంతవరకు ప్రపంచంలో ఎవరి చేతిలోనూ లేదనీ విద్యాశాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. చప్పట్లు మూడు నిమిషాలు మోగాయి. ఆ సందడిలో అందులో ఏమేం ఉంటాయో చెప్పడం కుదరలేదు. అంతటి మహానుభావుణ్ణి అలాంటి చిల్లర ప్రశ్నలు అడిగేంత సంస్కారహీనులు ఆ సభలో ఎవరూ లేరు.

పత్రికలకు ప్రకటన రాసే పని మాత్రం శాఖలోని పీఆర్వో నెత్తిన పడింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో అయిదుగురు మంత్రులు మారినా ఆయన వాడే విశేషణాలు మారలేదు. రాస్తూ రాస్తూ ‘మెమరీ’ అన్న మాట దగ్గర ఆగాడు. ఖాళీ వదిలేస్తే శాఖ పరువు పోతుంది. నాలుగు జీబీ అని వేశాడు. మంత్రిగారి స్థాయికి నాలుగు మరీ చిన్నబోయినట్టు ఉండటంతో కొట్టేసి ఎనిమిది చేశాడు. అంతే, ఆ తర్వాత టీ తాగడానికి వెళ్లాడు.

మర్నాడు పత్రికలన్నీ విశ్వసనీయ వర్గాలు ఎనిమిది అన్నాయని రాశాయి. ఎనిమిదితో పిల్లల భవిష్యత్తును బలిచేస్తారా అని ప్రతిపక్షం నిప్పులు చెరిగింది. సాయంత్రానికి విశ్వసనీయ వర్గాలు పదహారుకు పెరిగాయి. పెంచినవాడూ పీఆర్వోయే. విలేఖరి ఫోన్ చేసి పదహారట కదా అంటే, కాదనడం మర్యాద కాదనిపించింది.

కొనుగోలు కమిటీకి అధ్యక్షుడు రిటైరైన మురుగుకాల్వల చీఫ్ ఇంజినీరు. పద్ధతి గల మనిషి. కాగితం లేనిదే గాలి కూడా పీల్చడని పేరు. విద్యాశాఖలో ఏ అంకె వేయాలన్నా లిఖితపూర్వక ఆధారం కావాలి. పత్రికలో వచ్చిన ముక్క కత్తిరించి అంటిస్తే అది ఆధారమే. కమిటీ పదహారుకు ఆధారం అంటించింది. కమిటీ పదహారు అంటోందని పత్రిక రాసింది. ఆ ముక్కను కూడా కమిటీ అంటించింది. ఇలా ఆధారాలు బలపడుతూ పోగా ఫైలు మోయడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

టాబ్లెట్లు వస్తుండగా పుస్తకాలు అచ్చు వేయడం టాబ్లెట్లను అవమానించడమేనని మంత్రిగారు ముద్రణ ఆపించారు. పీఆర్వో కూతురు ఆ ఏడే పదో తరగతి. పాసైతే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని దాని ఆశ. పక్కింటి అమ్మాయి నుంచి చిరిగిన సైన్సు పుస్తకం ఒకటి తెచ్చుకుంది. అందులో గుండె బొమ్మ ఉన్న పేజీ లేదు.

“నాన్నా, టాబ్లెట్లు ఎప్పుడిస్తారు?”

“పెద్దవాళ్లు ఆలోచిస్తున్నారమ్మా.”

“అయితే ఈ లోపల పుస్తకాలైనా ఇవ్వమనొచ్చుగా.”

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే కమిటీ అధ్యక్షుణ్ణి కలిసి, ఆ అంకె తన సొంత కల్పన అనీ, దొరికినదేదో కొని పిల్లలకు ఇచ్చేయమనీ వేడుకున్నాడు. అధ్యక్షుడు కళ్లజోడు తుడుచుకున్నాడు.

“పత్రికలో వచ్చింది అబద్ధమంటారా?”

“పత్రికకు చెప్పిందే నేనండీ.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ.”

“చూశారా మరి. మీ మాటకు ఆధారం లేదు. దానికుంది” అని అధ్యక్షుడు ఆప్యాయంగా భుజం తట్టి పంపాడు.

తర్వాతి మోడల్లో ముప్పై రెండు వస్తుందని పుకారు పుట్టింది. ఈసారి పీఆర్వో నోరు విప్పలేదు. ఖండించకపోవడమే ధ్రువీకరణ అని పత్రికలు రాశాయి. మన పిల్లలకు పాతది అంటగడతామా అని మంత్రిగారు కొనుగోలు ఆపించారు. ఆ మాటకూ చప్పట్లు మోగాయి.

పరీక్షలు రానే వచ్చాయి. చదవని పాఠాల్లోంచి ప్రశ్నలిస్తే పిల్లలు నష్టపోతారని పరీక్షల బోర్డు కరుణించింది. అందరికీ తెలిసిన ప్రశ్న ఒకటి సైన్సు పేపర్లో చేర్చింది: “మీకు అందిన టాబ్లెట్‌లో మెమరీ ఎంత? ఐదు మార్కులు.”

కూతురు ఇంటికొచ్చి ప్రశ్నపత్రం ముందేసుకుని లెక్క చూసుకుంది. మిగతావన్నీ కలిపితే ముప్పై వస్తాయి. పాసవ్వాలంటే ముప్పై ఐదు.

“ఆ ఐదూ వస్తాయిలే నాన్నా. మాకు ఏ టాబ్లెట్టూ అందలేదని రాశాను. నిజమే కదా” అంది ధీమాగా.

నిజమేనన్నాడు పీఆర్వో.

పది రోజుల తర్వాత ఆయన మంత్రిగారి ఎదుట కూర్చుని ఉపన్యాసం రాసుకుంటుండగా బోర్డు అధికారి ఫోన్ చేశాడు. టాబ్లెట్ ప్రశ్నకు సరైన జవాబేదో తేలక దిద్దే పని ఆగిపోయిందట. ఏ పత్రికను అడిగినా, కమిటీని అడిగినా చివరికి పీఆర్వో పేరే చెబుతున్నారట.

“అందలేదని రాసినవాళ్ల సంగతేమిటండీ?” అని పీఆర్వో గొంతు తగ్గించి అడిగాడు.

“అది ప్రతిపక్షం జవాబు కదండీ. పోనీ, అందలేదని మీరు రాతపూర్వకంగా ఇస్తే దానికే మార్కులు వేయిస్తాను. ఇస్తారా?”

ఎదురుగా మంత్రిగారు పళ్లు కుట్టుకుంటూ ఆయన వంకే చూస్తున్నారు. కూతురి మొహం కళ్ల ముందు కదిలింది. దాంతోపాటు ఇరవై రెండేళ్ల సర్వీసూ కదిలింది.

“ముప్పై రెండు” అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఎవరని మంత్రిగారు అడిగారు. టాబ్లెట్ మెమరీ ఎంతో బోర్డువాళ్లకు కావాలట, పరీక్షలో ఐదు మార్కులకు అడిగారట అని పీఆర్వో మనవి చేశాడు.

“ఇంతకీ ఎంతయ్యా అది?” అన్నారు మంత్రిగారు కుతూహలంగా.

“ముప్పై రెండండీ.”

“భేష్. మీ అమ్మాయి కూడా ఈ ఏడే రాసింది కదూ? అయితే దానికి ఆ ఐదు మార్కులకు ఢోకా లేదు.”

“చిత్తం” అని పీఆర్వో ఉపన్యాసంలో తర్వాతి వాక్యం మొదలుపెట్టాడు.